నోట్లో పుల్లతో పరుగొద్దు!

పొద్దున్నే స్కూలు హడావుడి. అమ్మ టిఫిన్ బాక్సు సర్దుతుంటుంది. మూడేళ్ల బుడతడు నోట్లో బ్రష్ పెట్టుకొని హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీలోకి తిరుగుతుంటాడు. సాయంత్రమైతే బ్రష్ స్థానంలోకి లాలీపాప్ పుల్ల వస్తుంది. కాదంటే అక్క పెన్సిలు. చిన్నపిల్లలున్న ఏ ఇంట్లోనైనా కనిపించేదే కాబట్టి దీన్నెవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ ఆ క్షణంలో కాలు జారి బోర్లా పడితే? నోట్లో ఉన్న పుల్ల నేరుగా అంగిలిలోకో, గొంతులోకో దిగబడుతుంది.

ఇలాంటి గాయాల్లో చాలావరకు కుట్లు కూడా అవసరం లేకుండానే మానిపోతాయి. కొన్ని మాత్రం పైకి చిన్నగా కనిపిస్తూనే లోపల పెద్ద చిక్కు తెచ్చిపెడతాయి. తేడా గాయం సైజులో ఉండదు. అది ఎక్కడైంది, ఎంత లోతుకు దిగింది, ఆ తర్వాత రెండు మూడు రోజులు పిల్లలు ఎలా ఉన్నారన్నదే ముఖ్యం. అందుకే ‘రక్తం ఆగిపోయింది, ఆడుకుంటున్నాడు, ఇంకేం భయం లేదు’ అని తేల్చెయ్యటం సరికాదు.

చిన్నారులకే ఎందుకు?

ఇలా నోట్లో గుచ్చుకునే గాయాలు ఎక్కువగా ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లోనే చూస్తుంటాం. ఈ వయసులో ఏది దొరికినా నోట్లోకే వెళ్తుంది. నడక అప్పుడప్పుడే కుదురుకుంటుంటుంది కానీ పరుగు మాత్రం ముందే వచ్చేస్తుంది. శరీరంతో పోలిస్తే తల పెద్దది, బరువైనది. అందువల్ల తూలితే ముందుకే పడతారు. పెద్దవాళ్లం పడబోతే చేతులు ముందుకు చాపి ఆపుకుంటాం. చిన్నపిల్లలకు ఆ ఒడుపు ఇంకా పూర్తిగా రాదు. పైగా చేత్తో పుల్లనో, బ్రష్‌నో పట్టుకొని ఉంటారు. దాంతో ముఖం నేలకు తగిలే సమయానికి ఆ వస్తువు ఒక కొస నేలకు, మరో కొస గొంతుకు ఆనుకొని ఉంటుంది. శరీరం బరువంతా దాని మీద పడుతుంది.

ఏయే వస్తువులంటే... టూత్‌బ్రష్, లాలీపాప్, పుల్ల ఐసు, పీచుమిఠాయి పుల్ల, జ్యూసు తాగే గొట్టం, పెన్సిలు, పెన్ను, చెంచా, జాతరలో కొన్న బూర, వేణువు, చీపురు పుల్ల, అగరుబత్తి పుల్ల, కబాబులు గుచ్చే పుల్ల. వీటిలో ఏదీ మనం ‘ప్రమాదకరం’ అనుకొని దాచిపెట్టేది కాదు. కత్తి, కత్తెర అందకుండా పైన పెడతాం. పెన్సిలు మాత్రం మనమే చేతికిస్తాం.

మరొక సందర్భం స్కూటరు. పిల్లాణ్ని ముందు నిలబెట్టుకొని, ఏడవకుండా చేతికో లాలీపాప్ ఇచ్చి బయల్దేరటం మనకు అలవాటే. సడెన్ బ్రేకు పడితే ముఖం నేరుగా హ్యాండిల్‌కు తగులుతుంది. అప్పుడు నోట్లో పుల్ల ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అంగిలి వెనక ఏముంది?

నోటి పైకప్పు ముందు భాగం గట్టిగా ఉంటుంది. దాని లోపల ఎముక ఉంటుంది. వెనక భాగం మెత్తగా ఉంటుంది. ఇందులో ఉండేది కండరం, దాని మీద పల్చటి పొర. కొండనాలుక వేలాడేది ఈ మెత్తటి అంగిలికే. పడ్డప్పుడు పుల్ల ఎక్కువగా గుచ్చుకునేదీ ఇక్కడే.

గాయం సరిగ్గా మధ్యలో అయితే వెనక ఉండేది గొంతు గోడ, దాని వెనక వెన్నెముక. పక్కకు, అంటే టాన్సిల్స్ వైపు అయితే మరికాస్త జాగ్రత్త అవసరం. ఎందుకంటే టాన్సిల్స్‌కు కొంచెం వెనకగా, పక్కగా మెదడుకు రక్తం తీసుకెళ్లే ముఖ్యమైన నాళం పైకి వెళ్తుంది. దీన్నే కెరోటిడ్ ధమని అంటారు. మెడకు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఉంటాయి.

ఈ ధమనికి పుల్ల సూటిగా గుచ్చుకోవటం చాలా అరుదు. కానీ మొద్దుగా ఉన్న పుల్ల బలంగా నొక్కినా చాలు, నాళం పుల్లకూ వెనకున్న మెడ ఎముకకూ మధ్య నలుగుతుంది. అప్పుడు నాళం బయటి గోడ బాగానే ఉన్నా లోపలి పల్చటి పొర చిట్లొచ్చు. చిట్లిన చోట రక్తం నెమ్మదిగా గడ్డకట్టటం మొదలవుతుంది. ఆ గడ్డ పెరిగి దారిని మూసేసినా, ముక్క తెగి మెదడులోకి కొట్టుకుపోయినా పక్షవాతం వస్తుంది. ఇదంతా అప్పటికప్పుడు జరగదు. కొన్ని గంటల నుంచి రెండు మూడు రోజులు పట్టొచ్చు. ఈలోపు పిల్లలు మామూలుగానే ఉంటారు, అన్నం తింటారు, ఆడుకుంటారు. మనం మోసపోయేది ఇక్కడే.

దీన్ని చదివి హడలిపోవద్దు. ఇలాంటి గాయాలైన పిల్లల్లో కెరోటిడ్ దెబ్బతినటం నూటికి ఒకరి కన్నా తక్కువ మందిలోనే కనిపిస్తుంది. అయితే వచ్చినప్పుడు నష్టం తీవ్రంగా ఉంటుంది కాబట్టే ముందుగా తెలుసుకొని ఉండటం మంచిది.

మిగతా చిక్కులు

ఇన్‌ఫెక్షన్: పుల్లతో పాటు నోట్లోని బ్యాక్టీరియా కూడా లోపలికి వెళ్తుంది. గొంతు గోడ వెనక చీము గడ్డ ఏర్పడొచ్చు. గాయమైన కొద్ది రోజులకు జ్వరం, మింగలేకపోవటం, చొంగ కారటం, మెడ తిప్పకుండా బిగబట్టుకోవటం వంటివి దీనికి గుర్తులు. నిర్లక్ష్యం చేస్తే ఇన్‌ఫెక్షన్ ఛాతీలోకీ దిగొచ్చు.

గాలి చేరటం: గొంతు గోడకు చిల్లు పడితే గాలి మెడ చర్మం కిందికి చేరుతుంది. మెడ ఉబ్బుతుంది. తాకితే చర్మం కింద చిటపటమంటున్నట్టు అనిపిస్తుంది.

ముక్క ఇరుక్కోవటం: పుల్ల బయటకొచ్చినా కొస విరిగి లోపలే ఉండిపోవచ్చు. చెక్క పుల్ల అయితే మామూలు ఎక్స్‌రేలో దాదాపు కనిపించదు. మనదేశంలో 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ లాలీపాప్ పుల్లలు, ఐస్‌క్రీం పుల్లలను నిషేధించారు. వాటి స్థానంలో చెక్క, కాగితం పుల్లలు వచ్చాయి. పర్యావరణానికి మంచిదే. కానీ పిల్లల నోట్లో విరిగితే చెక్కను వెతికి పట్టుకోవటం కష్టమని గుర్తుంచుకోవాలి.

బుగ్గలో ముద్ద: బ్రష్ బుగ్గ లోపలి వైపు గుచ్చుకున్నప్పుడు ఒక్కోసారి చిన్న రంధ్రంలోంచి పసుపు పచ్చని మెత్తటి ముద్ద బయటకు వస్తుంది. చిన్నపిల్లల బుగ్గల్లో ఉండే కొవ్వే అది. ‘ఉన్నట్టుండి కణితి వచ్చింది’ అని కంగారు పడొద్దు. లాగటం, కత్తిరించటం చేయొద్దు. డాక్టర్లు దాన్ని సరిచేస్తారు.

వెంటనే ఏం చేయాలి?

ముందు పిల్లల్ని ఎత్తుకొని ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకోవాలి. తల కాస్త ముందుకు వంచాలి. దీంతో రక్తం గొంతులోకి పోకుండా బయటకు వస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టొద్దు. మగతగా ఉంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

వస్తువు ఇంకా గుచ్చుకొనే ఉంటే లాగొద్దు. ఒక్కోసారి అదే రక్తనాళానికి అడ్డుగా ఉండి రక్తాన్ని ఆపుతుంటుంది. లాగగానే రక్తం పోటెత్తొచ్చు, లేదూ సగం విరిగి లోపల మిగిలిపోవచ్చు. పిల్లలు తామే లాక్కోకుండా చేతులు పట్టుకోవాలి. బయటికున్న భాగం కదలకుండా చూస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పెదవి, బుగ్గ వంటి ముందు భాగాల్లో రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాల సేపు వదలకుండా అదిమి పట్టాలి. అరనిమిషానికోసారి తీసి చూస్తే రక్తం ఆగదు. గొంతు వెనక వైపు మాత్రం వేలితో గానీ, గుడ్డతో గానీ నొక్కే ప్రయత్నం చేయొద్దు.

పిల్లలు ఏడ్చేటప్పుడు నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఫోను లైటు వేసి ఒకసారి చూస్తే చాలు. చెంచాతో బలవంతంగా తెరవొద్దు. గాయం నోటి వెనక భాగంలో ఉన్నా, ఎక్కడుందో తెలియకపోయినా డాక్టర్ చూసేంతవరకు పాలు, నీళ్లు సహా ఏమీ పట్టొద్దు. మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండటం అవసరం.

గుచ్చుకున్న వస్తువును వెంట తీసుకెళ్లాలి. విరిగితే ముక్కలన్నీ తేవాలి. ఇంట్లో అలాంటిదే మరో బ్రష్, మరో పుల్ల ఉంటే అదీ తేవాలి. రెండింటినీ పక్కపక్కన పెడితే లోపల ముక్క మిగిలిందో లేదో అంచనా వేయటం తేలికవుతుంది.

ఏం చేయకూడదు?

రక్తం ఆగటానికి పసుపు, కాఫీ పొడి, పంచదార నోట్లో కూరటం ఇప్పటికీ చూస్తుంటాం. ఇవి గాయాన్ని కప్పేస్తాయి. డాక్టర్‌కు లోపల ఏమీ కనిపించదు. ఏడుస్తున్న పిల్లల ఊపిరితిత్తుల్లోకి పొడి వెళ్లే ప్రమాదమూ ఉంది. ఇక ‘కొండనాలుక దిగింది’ అంటూ వేలితో పైకి నొక్కించటం మరీ ప్రమాదం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇలాంటి వైద్యాలకు సరిగ్గా సరిపోతుంది. అలాగే సొంతంగా యాంటీబయోటిక్ సిరప్‌లు కొని తాగించొద్దు. నొప్పికి ఆస్పిరిన్ ఇవ్వొద్దు.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే 108కు ఫోన్ చేయాలి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లాలి.

* 10 నిమిషాలు దాటినా రక్తం ఆగకపోవటం, ఆగి మళ్లీ మొదలవటం
* ఊపిరి తీసుకోవటంలో ఇబ్బంది, గురగుర శబ్దం, గొంతు మారిపోవటం
* లాలాజలం కూడా మింగలేక చొంగ కార్చటం
* మెడ వాపు, మెడ తిప్పలేకపోవటం, చర్మం కింద చిటపటమనటం
* మగత, విపరీతమైన చిరాకు, మళ్లీ మళ్లీ వాంతులు, మూర్ఛ
* మూతి ఒక పక్కకు పోవటం, ఒక చెయ్యి లేదా కాలు వాడకపోవటం, మాట తడబడటం
* జ్వరం
* వస్తువు ఇంకా గుచ్చుకొని ఉండటం, ముక్క విరిగిందనే అనుమానం

రక్తం మింగిన పిల్లలకు ఒకసారి ముదురు గోధుమ రంగులో వాంతి కావొచ్చు. దాని గురించి డాక్టర్‌కు చెప్పాలి. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, విశాఖలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి వంటి ప్రత్యేక కేంద్రాలు ఉన్నాయి. అయితే ఊపిరి ఇబ్బంది గానీ, ఆగని రక్తస్రావం గానీ ఉంటే పెద్దాసుపత్రిని వెతుక్కుంటూ సమయం పోగొట్టొద్దు. ముందు దగ్గర్లో ఉన్నచోట ప్రాణానికి భరోసా దొరకాలి. మిగతాది తర్వాత.

‘ఎవరు చూసుకోవాల్సింది?’

పిల్లాణ్ని తీసుకొని వచ్చే కుటుంబాల్లో తరచూ ఒక తీరు కనిపిస్తుంది. “ఎలా పడ్డాడమ్మా?” అని అడగ్గానే నాయనమ్మ కోడలి వంక చూస్తుంది. కోడలు నేల వంక చూస్తుంది. తండ్రి “నేను ఆఫీసులో ఉన్నాను సార్” అంటాడు. చివరికి తల్లి “ఏం లేదండీ, కొంచెం గీసుకుంది” అంటుంది. ఆ ‘కొంచెం’ అన్న మాట వెనక ఎంత భయం ఉంటుందో మాకు తెలుసు. కానీ దానివల్ల అసలు సమాచారం మరుగున పడిపోతుంది.

మాకు కావాల్సింది తప్పు ఎవరిదన్నది కాదు. నోట్లో ఉన్న వస్తువేంటి, ఎంత పొడవుంది, ఎంత ఎత్తు నుంచి పడ్డారు, ఎన్ని గంటలకు, పడగానే ఏడ్చారా, పుల్ల దానంతటదే వచ్చిందా, ఎవరైనా లాగారా? వీటిని ఉన్నదున్నట్టు చెబితే పరీక్షల అవసరం ఎంతో తేలుతుంది. పడటం ఎవరూ చూడకపోతే ‘చూడలేదు’ అనే చెప్పాలి. అదీ మాకు ఉపయోగపడే సమాచారమే. ఇంకా నడక రాని పసిబిడ్డ నోట్లో గాయం ఉంటే మరికొన్ని ప్రశ్నలు అడుగుతాం. ఆ వయసులో తనంతట తాను పడి గుచ్చుకునే అవకాశం తక్కువ కాబట్టి బిడ్డ క్షేమం కోసం అడగటం మా బాధ్యత. నొచ్చుకోవద్దు.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

ముందు ఊపిరి, నాడి, రక్తస్రావం చూస్తారు. తర్వాత నోరు, మెడ పరీక్షిస్తారు. చేతులు, కాళ్లు సమానంగా కదులుతున్నాయో లేదో గమనిస్తారు. గాయం చిన్నదై, మధ్యలో ఉండి, పిల్లలు చురుగ్గా ఉంటే చాలాసార్లు ఇంతటితో సరిపోతుంది. ముక్క ఉందనే అనుమానం ఉన్నా, గాలి చేరినట్టు అనిపించినా ఎక్స్‌రే, సీటీ స్కాన్ అవసరమవుతాయి. గాయం పక్కకు, లోతుగా ఉండి రక్తనాళం మీద అనుమానం వస్తే సూదిమందు ఇచ్చి నాళాలు కనిపించేలా తీసే సీటీ యాంజియోగ్రామ్ చేస్తారు.

‘ఎందుకైనా మంచిది, అందరికీ స్కాన్ తీయించొచ్చుగా’ అని చాలామంది అడుగుతారు. సీటీ స్కాన్‌తో రేడియేషన్ ఉంటుంది. చిన్నపిల్లలు కదలకుండా ఉండరు కాబట్టి మత్తు కూడా ఇవ్వాల్సి రావొచ్చు. అందుకే అవసరమైనవారికే చేస్తారు. కొందరిని ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంచి గమనిస్తారు.

కుట్లు కూడా అందరికీ వేయరు. నోటి లోపలి గాయాలు త్వరగా మానతాయి. కండ వేలాడుతున్నా, గాయం బాగా తెరుచుకొని ఉన్నా, అంగిలికి ఆరపార రంధ్రం పడినా, రక్తం ఆగకపోయినా ఆపరేషన్ గదిలో మత్తు ఇచ్చి సరిచేస్తారు. యాంటీబయోటిక్స్ గాయం తీరును బట్టి ఇస్తారు. టీకాల కార్డు తప్పకుండా తీసుకెళ్లాలి. ధనుర్వాతం టీకా పెంటావాలెంట్‌లో భాగంగా 6, 10, 14 వారాలకు, డీపీటీ బూస్టర్లుగా 16-24 నెలల మధ్య, మళ్లీ 5-6 ఏళ్లకు పడుతుంది. ఇవన్నీ సమయానికి పడి ఉంటే సాధారణంగా మరో ఇంజెక్షన్ అవసరం రాదు. ఏదైనా తప్పిపోతే అప్పుడే వేస్తారు.

ఇంటికొచ్చాక మూడు రోజులు

డాక్టర్ ఇంటికి పంపించారంటే పని అయిపోయిందని కాదు. గమనించే బాధ్యత మన చేతికి వచ్చిందని. మెలకువగా ఉన్నప్పుడు రెండు మూడు గంటలకోసారి ఇవి చూడాలి. రాత్రి ఎంత తరచుగా లేపి చూడాలో డాక్టర్‌ను అడిగి తెలుసుకోవాలి.

* ముఖం: నవ్వినప్పుడు, ఏడ్చినప్పుడు రెండు వైపులా ఒకేలా కదులుతోందా?
* చేతులు: రెండు చేతులకూ చెరో బొమ్మ ఇవ్వండి. రెండింటినీ ఒకేలా పట్టుకుంటున్నారా?
* నడక: తూలుతున్నారా, ఒక కాలు ఈడుస్తున్నారా?
* మాట, మెలకువ: పేరు పెట్టి పిలిస్తే ఎప్పటిలా పలుకుతున్నారా?
* గొంతు: ఉమ్ము మింగుతున్నారా, మెడ రెండు వైపులా తిప్పుతున్నారా? జ్వరం ఉందా?

దేనిలో తేడా కనిపించినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. ‘నోట్లో పుల్ల గుచ్చుకుంది’ అని అక్కడ తప్పక చెప్పాలి. పిల్లాడికి పక్షవాతం లక్షణాలు కనిపిస్తుంటే, రెండు రోజుల కిందటి నోటి గాయం సంగతి ఎవరికీ తట్టకపోవచ్చు. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్తుంటే ఈ చీటీని అమ్మమ్మకో, క్రెష్ టీచర్‌కో రాసివ్వాలి. ఈ మూడు రోజులు ఊరి ప్రయాణాలు పెట్టుకోకపోతే మేలు.

డాక్టర్ తినిపించొచ్చని చెప్పాక పెరుగన్నం, చల్లారిన పప్పన్నం, పాలల్లో నానబెట్టిన ఇడ్లీ, అరటిపండు వంటి మెత్తటివి పెట్టాలి. జంతికలు, చిప్స్, కారం, పులుపు, వేడివేడి పదార్థాలు గాయం మానేవరకు వద్దు. తిన్నాక నీళ్లు తాగిస్తే నోరు శుభ్రమవుతుంది. నొప్పికి డాక్టర్ బరువును బట్టి చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు. ఒకటి రెండు రోజుల్లో గాయం మీద తెల్లటి పొర కనిపిస్తుంది. చాలామంది దీన్ని చీము అనుకొని గీకేస్తుంటారు. అది మానుతున్న గాయం మీద ఏర్పడే పొర. జ్వరం, దుర్వాసన, పెరుగుతున్న నొప్పి లేకపోతే దాన్ని అలా వదిలేయాలి.

ఇంటికొక నియమం

ఇంత చెప్పాక, ఈ గాయాలను ఆపటం ఎంత తేలికో చెప్పకపోతే అన్యాయం. పిల్లల్ని పరుగెత్తొద్దని ఎవరూ ఆపలేరు, ఆపకూడదు కూడా. ఆ పరుగులో నోరు ఖాళీగా ఉంటే చాలు. ‘నోట్లో ఏదైనా ఉంటే కూర్చోవాలి, లేవాలంటే నోరు ఖాళీ కావాలి.’ ఇంట్లో అందరూ పాటించాల్సిన నియమం ఇదొక్కటే.

పళ్లు తోమేటప్పుడు చిన్న పీట వేసి కూర్చోబెట్టండి. ఆరేడేళ్లు వచ్చేవరకు పెద్దవాళ్లే తోమించటం పళ్లకూ మంచిదే. తోమటం కాగానే బ్రష్ వెనక్కి తీసుకోండి. చిన్నారులకు లోపలికి ఎక్కువ దూరం వెళ్లకుండా అడ్డు ఉన్న బ్రష్‌లు దొరుకుతున్నాయి. సింకు దగ్గర తడి నేలను తుడిచి ఉంచండి. లాలీపాప్, పుల్ల ఐసు కొనిస్తే అది అయిపోయేవరకు పక్కన కూర్చోండి. బండి మీద, ఆటోలో పుల్ల ఉన్నవేవీ తినిపించొద్దు. పెళ్లిళ్లలో పిల్లలు గుంపుగా పరుగెడుతుంటారు కాబట్టి ఐస్‌క్రీం కప్పులోని చెక్క చెంచాను, కబాబు పుల్లను తినగానే తీసేయండి. జాతరలో బూర కొనిస్తే నిలబడి ఊదమనండి, నడుస్తూ వద్దనండి. పెన్సిలు మూతిలో పెట్టుకొనే అలవాటు అన్నయ్యకుంటే తమ్ముడికీ వస్తుంది. ముందు పెద్దవాడితో మాన్పించండి.

పిల్లలు మనం చెప్పింది కన్నా చేసింది త్వరగా నేర్చుకుంటారు. నోట్లో బ్రష్‌తో పేపరు కోసం గుమ్మం దాకా వెళ్లే నాన్న, ఫోను మోగితే బ్రష్ నములుతూనే పరుగెత్తే అమ్మ ఇంట్లో ఉంటే ఈ నియమం నిలవదు. రేపు పొద్దున్న బ్రష్ చేతిలోకి తీసుకోగానే మీరూ ఒక చోట నిలబడండి. మూడేళ్ల బుడతడికి అంతకన్నా మంచి పాఠం ఉండదు.